ఏడు వారాలకు 95 డిగ్రీలే వంగుతోంది, మోకాలి ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 66 ఏళ్లు, కుడి మోకాలు మార్పిడి జరిగి ఏడు వారాలైంది. ఇప్పటికి 95 డిగ్రీలు వంగుతోంది. దాదాపు అప్పుడే ఆపరేషన్ చేయించుకున్న పక్కింటావిడకు 125 వచ్చిందట. సర్జన్ గారు బాగానే ఉందంటున్నారు, అమ్మగారేమో ఇంత డబ్బు పోసి కాలు కట్టె చేసుకున్నానని ఏడుస్తున్నారు. హై ఫ్లెక్స్ రకం (ఎక్కువ వంగేలా తయారుచేశామని చెప్పే కృత్రిమ కీలు) వేయించాల్సిందా, మత్తిచ్చి వంచే పద్ధతికి వెళ్లాలా, అరిగిపోయిన ఎడమ మోకాలికి కూడా చేయించవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫెయిల్ కాలేదు. ఏడు వారాలకు 95 అంటే కాస్త నెమ్మదిగా వస్తోందని అర్థం, ఆగిపోయిందని కాదు. మత్తిచ్చి వంచే అవసరం మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటికి కనిపించడం లేదు. అయితే సర్జన్ గారికి మరోసారి చూపించాల్సిన సమయం మాత్రం ఇదే, ఎందుకో కింద రాస్తాను. ఇక ఈ మోకాలితో అమ్మగారు రేపు తృప్తిగా ఉంటారా లేదా అన్నది 95కీ 125కీ మధ్య ఉన్న తేడా మీద మీరనుకున్నంత ఆధారపడి లేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. గుంటూరు, తెనాలి వైపు చాలా ఏళ్లుగా ఎక్కువగా మోకాళ్ల పేషెంట్లనే చూస్తున్నాను, మొదట ఆసుపత్రి వార్డుల్లో, ఇప్పుడు ఇళ్లకు వెళ్లి. ఆపరేషన్ నేను చేయను కాబట్టి సర్జన్ చెప్పాల్సిన విషయాలు ఆయనకే వదిలేస్తాను.

డిగ్రీలు అసలు ఎందుకు కొలుస్తామో చూడండి. చదునైన దారిలో నడవడానికి మోకాలు 65, 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కడానికి సుమారు 85 నుంచి 90, దిగడానికి 90 నుంచి 100 కావాలి. మామూలు ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలంటే 95 నుంచి 105. కూర్చోగానే లోపలికి కుంగిపోయే సోఫా అయితే ఇంకో పది కలుపుకోండి. అందుకే 110 వస్తే ఇంటి పనులన్నిటికీ సరిపోయిందని మేం లెక్కేసుకుంటాం. అమ్మగారికి ఇంకా రావాల్సింది ఆ పదిహేనే. ఏడో వారం నుంచి మూడో నెల లోపు పది పదిహేను డిగ్రీలు పెరగడం నేను తరచూ చూసేదే. ఆ తర్వాత కూడా ఏడాది వరకు కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది.

ఇక తృప్తి సంగతి. కెనడాలోని ఒంటారియోలో మోకాలు మార్పిడి చేయించుకున్న 1703 మందిని ఏడాది తర్వాత అడిగి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు. తృప్తి లేకపోవడానికి అన్నిటికంటే బలమైన కారణం ఏమని తేలిందో తెలుసా? ఆపరేషన్‌కి ముందు పెట్టుకున్న ఆశలు తీరకపోవడం. తర్వాతి స్థానాల్లో ఏడాదికి కూడా మిగిలిన నొప్పి, పనులు చేసుకోలేకపోవడం, ఆపరేషన్‌కి ముందే ఊరికే కూర్చున్నా ఉండే నొప్పి, ఏదో సమస్యతో మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం ఉన్నాయి.

అంతకుముందు 2003లో వచ్చిన ఇంకో అధ్యయనం నేరుగా మీ ప్రశ్న మీదే. 684 మందిని ఏడాది తర్వాత పరిశీలిస్తే, 95 కంటే తక్కువ వంగేవాళ్లకు రోజువారీ పనుల్లో ఇబ్బంది బాగా ఎక్కువగా ఉంది. అంటే 95 అనేది నిజంగానే ఒక గీత. ఆ లోపే ఆగిపోతే కష్టం. కానీ తృప్తికి వంపుతో ఉన్న సంబంధం కంటే, పనులు ఎంత బాగా చేసుకోగలుగుతున్నారన్న దానితో ఉన్న సంబంధమే గట్టిగా కనిపించింది.

ఇక్కడో చిన్న పిట్టకథ. మోకాలి ఆపరేషన్ ఫలితాన్ని మార్కుల్లో కొలవడానికి సర్జన్లు చాలా ఏళ్లు వాడిన ‘నీ సొసైటీ’ (ఇంగ్లిష్‌లో ‘నీ’ అంటే మోకాలు) స్కోరు 1989లో వచ్చింది. అందులో మోకాలికి వంద మార్కులు. నొప్పి లేకపోతే 50, కీలు నిలకడగా ఉంటే 25, వంపుకి 25. ప్రతి ఐదు డిగ్రీలకూ ఒక మార్కు చొప్పున 125 వంగితే ఫుల్ మార్కులు. మీ పక్కింటావిడ ఆ లెక్కన ఫస్టు క్లాసే. కానీ ‘మీకు బాగుందా అమ్మా, అనుకున్నది దక్కిందా’ అని పేషెంటును అడిగే గడి ఆ కాగితంలో లేదు. 2011లో స్కోరును మార్చినప్పుడు గానీ తృప్తినీ, ఆశలనూ అందులో చేర్చలేదు.

నా పేషెంట్లలో ముగ్గురి గురించి చెబుతాను, ఆనవాళ్లు కాస్త మార్చి.

ఒకావిడ రిటైరైన టీచరు. ఎంత చేయించినా 100 దగ్గర ఆగిపోయింది. ఆవిడకి ఆపరేషన్‌కి ముందే మోకాలు 90కి మించి వంగేది కాదు, రాత్రిళ్లు నొప్పి బిళ్ల లేనిదే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పొద్దున్నే రైతుబజారుకి నడిచి వెళ్లి కూరలు తెచ్చుకుంటారు. నేను స్కేలు తీస్తే ‘ఇంకా ఎందుకు తల్లీ కొలవడం’ అని నవ్వుతారు.

రెండో ఆవిడ వయసు యాభై దాటింది, టైలరింగ్ చేసేవారు. మోకాలు 130 వంగుతుంది, నా దగ్గరికొచ్చిన వాళ్లలో అందంగా వంగే మోకాళ్లలో అదొకటి. అయినా ఆవిడ ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానంటారు. పాత ఎక్స్‌రే చూస్తే అరుగుదల ఒక మోస్తరుగానే ఉంది. నొప్పిలో చాలా భాగం నడుము నుంచి కాలిలోకి దిగుతున్నది, అది అలాగే మిగిలింది. ఎక్స్‌రేలో అరుగుదల తక్కువ ఉన్నవాళ్లలోనే ఆపరేషన్ తర్వాత అసంతృప్తి ఎక్కువని పరిశోధనల్లోనూ కనిపించింది. గుజ్జు పూర్తిగా అరిగి ఎముకకు ఎముక తగులుతున్నవాళ్లకే ఈ ఆపరేషన్‌తో బాగా తేడా తెలుస్తుంది.

మూడో ఆయన కౌలు రైతు. 120 వంగుతుంది, నొప్పి లేదు, చేను దాకా నడుస్తాడు. అయినా సంతోషం లేదు. గొంతుక్కూర్చుని కలుపు తీయగలనని అనుకునే ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. గొంతుక్కూర్చోవాలంటే 130 పైన వంగాలి, పైగా ఆ భంగిమ కొత్త కీలుకి మంచిది కాదని సర్జన్లు వద్దంటారు. ఆ మాట ఆయనకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇదే మోకాలితో ఇంకాస్త హాయిగా ఉండేవాడని నా అభిప్రాయం.

కాబట్టి అమ్మగారిని మీరు ఒకసారి నెమ్మదిగా అడగండి. ఆపరేషన్ అయ్యాక ఏం చేయగలననుకున్నారు? పూజలో పీట మీద కూర్చోవడమా, తిరుపతి మెట్లెక్కడమా, మనవడి వెంట నడవడమా? 95 గురించి ఏడుస్తున్నారని మీరనుకుంటున్నారు గానీ, ఆ ఏడుపు వెనక చాలాసార్లు వేరే పని ఒకటి ఉంటుంది. అదేదో తెలిస్తే దానికి ఎంత వంపు కావాలి, అది వచ్చేదేనా అన్నది మాట్లాడుకోవచ్చు.

కింద కూర్చోవడం గురించి ఉన్నమాట: బాసింపట్టు వేసుక్కూర్చోవడానికి మోకాలు బాగా వంగడం ఒక్కటే చాలదు, తుంటి దగ్గర కూడా తొడ బయటికి తిరగాలి. మనవాళ్లకు చిన్నప్పటి అలవాటు కాబట్టి కొందరికి ఆపరేషన్ తర్వాత కూడా వీలవుతుంది. కానీ కూర్చోవడం కంటే లేవడమే అసలు కష్టం. ఎక్కువమంది సర్జన్లు వద్దనే చెబుతారు, నేనూ అదే చెబుతాను. వ్రతానికి పీట బదులు ఎత్తైన స్టూలు వేసుకోవచ్చు. టాయిలెట్‌లో కమోడ్ తప్పనిసరి, పక్కన గోడకి పట్టుకునే రాడ్ ఒకటి బిగించండి. మోకాళ్ల మీద ఆనడం వల్ల కొత్త కీలు మామూలుగా చెడిపోదు గానీ, కోత పక్కన, ముఖ్యంగా బయటివైపు, తిమ్మిరి ఉంటుంది కాబట్టి ఏదోలా అనిపిస్తుంది. అక్కడి చిన్న నరం కోతలో తెగడం వల్ల వచ్చే తిమ్మిరి అది. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు రావడం, కొన్ని నెలల పాటు చర్మం కాస్త వెచ్చగా ఉండటం కూడా మామూలే. ఇవి ముందే తెలియక టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా? నేను మీ ఇంటికొస్తే మొట్టమొదట చూసేది ఇదే. వంపు గురించి అందరూ అడుగుతారు, చాపడం గురించి దాదాపు ఎవరూ అడగరు. అమ్మగారిని గట్టి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మడమ కింద మడిచిన టవల్ పెట్టండి. మోకాలి వెనక భాగం కిందికి దిగుతోందా, లేక గాల్లో వంగి ఉందా చూడండి. పది, పదిహేను డిగ్రీల వంపు మిగిలిపోతే నిలబడినంతసేపూ తొడ ముందు కండరం పని చేస్తూనే ఉండాలి. నాలుగడుగులకే అలసట వస్తుంది, ఆ కాలు పొట్టిదైనట్టు కుంటుతారు, నడుం నొప్పి మొదలవుతుంది. 120 వంగినా కాలు పూర్తిగా చాపలేనివాళ్లు, 100 మాత్రమే వంగి తిన్నగా చాపగలిగినవాళ్ల కంటే ఇబ్బందిగా నడవడం నేను ఎన్నోసార్లు చూశాను.

దీనికి ఎక్కువగా కారణమయ్యేది ఇంట్లోవాళ్ల ప్రేమే. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు. పేషెంటుకి నిజంగానే హాయిగా ఉంటుంది, కాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. మోకాలి కింద దిండు వద్దు. కాలు ఎత్తులో ఉంచాలంటే మడమ కింద పెట్టండి. మడమ కింద టవల్ పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కి ఐదు సెకన్లు పట్టి వదలడం పదేసి సార్లు, రోజుకు నాలుగైదు విడతలుగా చేయించండి. అదే తొడ కండరానికి కూడా వ్యాయామం. ఆపరేషన్ అయిన నెలకి ఆ కండరం బలం ముందున్న దాంట్లో సగానికి పైగా పడిపోతుంది. కాలిలో పట్టు లేదు, ఎక్కడ మడుచుకుపోతుందోనని భయంగా ఉందని అంటారే, అది చాలావరకు ఈ బలహీనత వల్లే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తక్కువ ఎత్తు మెట్టు ఒకటి ఎక్కి దిగడం వంటివి ఏడో వారంలో చేయించాల్సిన పనులు. ఇంకా మంచం మీద వ్యాయామాలే చేయిస్తుంటే మీ ఫిజియోని అడగండి.

వంచేటప్పుడు అమ్మగారు కేకలు పెడుతున్నా ఫిజియో గట్టిగా నొక్కుతున్నాడని రాశారు. కొంత నొప్పి తప్పదు, నొప్పే ఉండకూడదనుకుంటే మోకాలు రాదు. కానీ హద్దు ఒకటుంది. మర్నాడు పొద్దుటికి వాపు, నొప్పి పెరిగి, నిన్నటి వంపు కూడా రాకపోతే ముందురోజు మోతాదు మించిందన్నమాట. కేకలు పెట్టే మనిషి భయంతో కండరాలన్నీ బిగబట్టేస్తుంది, అప్పుడు మనం పోరాడేది ఆ బిగింపుతోనే తప్ప కీలుతో కాదు. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేయండి. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఒక్కసారి గంటసేపు హింస పెట్టే కంటే రోజులో ఐదారుసార్లు పదేసి నిమిషాలు మేలు. మంచం మీద మడమను వెనక్కి జరపడం, కుర్చీ అంచున కూర్చుని మంచి కాలితో ఆపరేషన్ కాలిని మెల్లగా వెనక్కి నెట్టడం ఆవిడ తనంతట తానే చేసుకోగలరు. ఇలా చేసుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది కాబట్టి భయం తగ్గుతుంది. 105 దాటాక స్టాండు మీద ఉండే సైకిల్ తొక్కించవచ్చు. దాన్ని ముందే ఎక్కించినా సగం చుట్టు ముందుకీ వెనక్కీ ఊపితే చాలు.

ఎవరో మర్దన చేసేవాళ్లు ఒక్క గుంజుకి వంచేస్తామంటే మాత్రం గుమ్మంలోంచే పంపించేయండి. మోకాలి చిప్ప దగ్గరి కండరబంధం తెగినవీ, ఎముక విరిగినవీ ఉన్నాయి. కాలిని మెషీన్‌లో పెట్టి ఆడించే సీపీఎం యంత్రం అద్దెకు తీసుకోవాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు దానివల్ల పెరిగే వంపు రెండు డిగ్రీల దగ్గరే ఉంది. ఆ అద్దె డబ్బు ఫిజియో ఇంకొన్నిసార్లు రావడానికి పెట్టండి.

పక్కింటావిడకు వచ్చిందన్న ఆ 125ని కూడా కాస్త అనుమానంగానే చూడండి. ఒకే మోకాలిని ఇద్దరు కొలిస్తే ఐదు డిగ్రీల తేడా మామూలుగా వస్తుంది. ఎవరో నొక్కినప్పుడు వచ్చిన వంపు వేరు, తనంతట తాను వంచినది వేరు. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆవిడ మోకాలు ఆపరేషన్‌కి ముందు ఎంత వంగేది? ఆపరేషన్ తర్వాత వచ్చే వంపును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది ముందున్న వంపే. బాగా వంగేవాళ్లు కొంచెం కోల్పోతారు, బిగుసుకుపోయినవాళ్లు కొంచెం సంపాదిస్తారు, కానీ ఇద్దరూ ఒక్కచోటికి రారు. దానికి తోడు తొడ, పిక్క లావుగా ఉంటే వంచినప్పుడు రెండూ ఒకదానికొకటి అడ్డొస్తాయి.

హై ఫ్లెక్స్ గురించి బాధపడకండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్‌కి 56,490 రూపాయలుగా నిర్ణయించారు, జీఎస్టీ అదనం. అంతకుముందు హై ఫ్లెక్స్ సగటున లక్షా ఎనభై వేలు పలికేది, ఆ పేరు మోజు అప్పటిది. రెండు రకాలనూ పోల్చి చేసిన పరీక్షల్లో వంపులో గానీ తృప్తిలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది వేయించినా అమ్మగారి మోకాలు ఇప్పుడు ఇంచుమించు ఇక్కడే ఉండేది.

మత్తిచ్చి వంచడం ఎప్పుడంటే, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, వంపు 90 లోపే ఉండి, సరైన వ్యాయామం చేస్తున్నా రెండు మూడు వారాలుగా కదలిక లేకపోతే. సమయం దాటితే లోపలి అతుకులు గట్టిపడి ఫలితం తగ్గుతుంది. సర్జన్‌కి ఇప్పుడే చూపించమన్నది అందుకే. గత మూడు వారాల కొలతలు తేదీలతో రాసి తీసుకెళ్లండి. 80 నుంచి 95కి వచ్చి ఉంటే ఆయన బహుశా ఆగుదామంటారు. మూడు వారాలుగా 95 దగ్గరే ఉంటే ఏం అడ్డుపడుతోందని నేరుగా అడగండి. వాపా, లోపల వేసిన కృత్రిమ భాగం సైజా, దాని అమరికా, ఎక్కడైనా ఇన్ఫెక్షన్ దాక్కుందా అన్నది ఆయన చూస్తారు.

వీటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: కోత నుంచి నీరు గానీ చీము గానీ కారడం, జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడటం, తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి పెరగడం, పిక్కలో కొత్తగా నొప్పీ వాపూ. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

చివరిగా ఎడమ మోకాలు. కుడివైపు ఇంకా కుదుటపడక ముందే ఈ నిర్ణయం తీసుకోకండి. కుడికాలు బరువు మోయగలగాలి, ఎడమ ఆపరేషన్ తర్వాత ఆవిడ నిలబడేది దాని మీదే. కనీసం మూడు నెలలు దాటాక, ఆవిడ నోటితో ఆవిడే చేయించుకుంటానన్నాకే మాట్లాడండి. ఈలోగా ఎడమ మోకాలు ఇప్పుడు ఎంత వంగుతోందో, ఎంత చాపగలుగుతున్నారో కొలిపించి రాసి పెట్టుకోండి. షుగర్ ఉంటే ఇప్పటి నుంచే అదుపులో పెట్టించండి. కుడికాలికి చేసే తొడ వ్యాయామాలన్నీ ఎడమకీ చేయించండి. కుడి మోకాలు ఆపరేషన్‌కి ముందు ఎంత వంగేదో డిశ్చార్జి కాగితాల్లో రాసి ఉంటే ఇక్కడ పెట్టండి. ఆ అంకె చూస్తే ఈ 95 ఇంకా ఎంత దూరం వెళ్లొచ్చో కొంచెం కచ్చితంగా చెప్పగలను.